పెద్ద సున్నుండ

వేవ్ ప్యాలెస్ వాటర్ పార్కు హోటల్ గేటు దగ్గర సంచులు వెతుకుతారని ముందే విని ఉండటంతో, జయలక్ష్మి సున్నుండల డబ్బాని పాత చీరలో చుట్టి దాని మీద తన లోపలి బట్టలు పరిచింది. గేటు దగ్గర కాపలా అతను జిప్పు తీశాడు. పైనున్నవి చూసి గబుక్కున తల తిప్పుకుని మళ్ళీ మూసేశాడు.

"బయటి తిండి ఏం లేదు కదమ్మా?"

"మీ దగ్గర దొరకదా ఏంటి, మోసుకు రావడానికి?" అంది జయలక్ష్మి.

అబద్ధం అంత సునాయాసంగా వస్తుందని ఆవిడకే తెలీదు. పక్కన మొగుడు బుల్లిబాబు తనకేమీ సంబంధం లేనట్టు ఖాజాగూడ బండరాళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. పన్నెండేళ్ళ కూతురు జయంతి మాత్రం అప్పటికే గేటు దాటేసి, గోడల మీంచి కనిపిస్తున్న ఎత్తయిన జారుడుబల్లల్ని చూసి గెంతులేస్తోంది.

అసలు మియాపూర్‌లో హాయిగా ఉన్న మనుషులు ఇక్కడికి రావడానికి కారణం ఒక్క మాట. హైటెక్ సిటీలో కొత్తగా కంప్యూటర్ ఉద్యోగంలో చేరిన జయలక్ష్మి తమ్ముడు రవికిరణ్, పోయిన నెల ఇక్కడ రెండు రాత్రులుండి వచ్చి, ఎలా ఉందయ్యా అనడిగితే, "మీకెందుకులెండి బావగారూ, అంత ఖర్చు!" అన్నాడు. అంతే. బుల్లిబాబు గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు, కింద పదిమంది గుమాస్తాలు, ఆయనకి 'మీకెందుకు'లా? ఆ వారమే జీతంలో పెద్ద ముక్క కోసి గది బుక్ చేయించాడు. చేయించిన క్షణం నుంచీ ఆయనకి ఒకటే బెంగ, పెట్టిన డబ్బు గిట్టుతుందా లేదా అని.

గదిలో అడుగు పెట్టగానే అన్నీ తెరిచి చూశాడు. సబ్బులు వాసన చూశాడు. టీ పొడి పొట్లాలు, పంచదార పొట్లాలు ఏరి సూట్‌కేసులో వేశాడు. ఏసీ ఎంత చల్లగా పెట్టాలో అంత చల్లగా పెట్టి, తల్లీకూతుళ్ళు వణుకుతున్నా తగ్గించనివ్వలేదు. "కిటికీలోంచి అలలు కనిపిస్తాయన్నాడు రవి. ఇక్కడ పైపులు కనిపిస్తున్నాయి," అని మొహం ముడుచుకున్నాడు.

అప్పుడే తలుపు తట్టి, నీలం రంగు యూనిఫాం చీరలో ఒకావిడ తువ్వాళ్ళు పట్టుకొచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. జాకెట్టుకి పెట్టిన బిళ్ళ మీద 'చంద్రమ్మ' అని ఉంది.

"రెండేనా?" అన్నాడు బుల్లిబాబు.

"గదికి రెండే సారూ. ఎక్కువిస్తే మమ్ముల అడుగుతరు."

"మేం ముగ్గురం. ముగ్గురికీ కట్టాం."

చంద్రమ్మ జయలక్ష్మి వైపు చూసింది. జయలక్ష్మికి తల కొట్టేసినట్టయింది. మాట మార్చడానికి, "మీదీ ఊరేనా?" అనడిగింది.

"ఈ ఖాజాగూడనే అమ్మా. గా గుట్ట ఆవల."

"అయితే ఎప్పుడైనా దిగారా ఈ నీళ్ళల్లోకి? ఎలా ఉంటాయి?"

చంద్రమ్మ నవ్వింది. "మమ్ముల దిగనియ్యరమ్మా. నాకు ఈ గదులు దప్ప ఏం ఎరుక."

ఆవిడ వెళ్ళాక జయలక్ష్మి తన పర్సులోంచి ఒక నోటు తీసి మొగుడి చేతిలో పెట్టింది. "రేపు గది ఊడవడానికి వచ్చినప్పుడు ఇవ్వండి. మీ చేత్తో ఇస్తే బావుంటుంది." బుల్లిబాబు ఆ నోటుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

రాత్రి హోటల్ భోజనాల రేట్లు చూసి, ఒక్క పళ్ళెం తెప్పించి ముగ్గురూ పంచుకున్నారు. గదికొచ్చి తలుపు గడియ పెట్టి సున్నుండల డబ్బా తీశారు. జయంతి రెండు తింది. జయలక్ష్మి ఒకటి తింది. మొగుడి వైపు డబ్బా చాపలేదు. షుగరుందని డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆయన తీపన్నది ముట్టలేదు. పెళ్ళిళ్ళలో బతిమాలినా, ప్రసాదమని నోటి దాకా తెచ్చినా కళ్ళకద్దుకుని పక్కన పెట్టేవాడు. మిగతా సంగతులెలా ఉన్నా ఆ పట్టుదల చూస్తే జయలక్ష్మికి ఆయనంటే ముచ్చట.

మర్నాడు పొద్దున్నే జయంతి పేచీ మొదలెట్టింది. "అమ్మా, నువ్వు కూడా దిగాలి. అందరి అమ్మలూ దిగుతున్నారు."

"నేనెందుకే?"

"నీకూ టిక్కెట్టు కొన్నాం కదా," అన్నాడు బుల్లిబాబు. "ఒడ్డున కూర్చుంటే ఆ డబ్బు దండగ."

జయలక్ష్మికి నిజానికి దిగాలనే ఉంది. కాకినాడలో పుట్టి పెరిగిన మనిషి. పెళ్ళయ్యాక అలలో కాళ్ళు తడుపుకోలేదు. కానీ నీళ్ళల్లోకి బంగారం వేసుకు రాకూడదని అక్కడ పెద్ద బోర్డు. రిసెప్షన్‌లో లాకరుంది. దానికి వేరే అద్దె. "రెండో తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది, అద్దె కట్టి మరీ దొంగచేతికి తాళమిస్తామా?" అన్నాడు బుల్లిబాబు.

అయితే ఏం చెయ్యాలో జయలక్ష్మికి తెలుసు. వాళ్ళమ్మ, వాళ్ళ అమ్మమ్మ రైలెక్కితే ఏం చేసేవారో అదే. మొగుడు స్నానానికి వెళ్ళినప్పుడు నానుతాడు తీసి, పుస్తెలు పసుపుతాడుకి గుచ్చి మెడలో వేసుకుంది. పసుపుతాడు లేకుండా ఆవిడ ఊరు దాటదు. నానుతాడుని చిన్న చుట్టగా చుట్టింది. రెండు సున్నుండలు చిదిపి, మధ్యలో ఆ చుట్ట పెట్టి, అరచేతుల మధ్య గట్టిగా నొక్కి ఒక్క పెద్ద ఉండ చేసింది. గుర్తుకి పైన ఒక జీడిపప్పు అద్దింది. "దొంగ పెట్టె పగలగొడతాడు గానీ చిరుతిండి డబ్బా తియ్యడే," అనేది అమ్మమ్మ. డబ్బా అడుగున ఆ పెద్దది పెట్టి, మిగిలినవి పైన పేర్చింది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. ఆడవాళ్ళ బంగారం ఎక్కడుందో మగవాళ్ళకి చెప్పకూడదన్నదీ ఆ అమ్మమ్మే.

తీరా అలల కొలను దగ్గరికెళ్ళాక తెలిసింది, చీరతో దిగనివ్వరట. నైలాను గుడ్డ అయితేనే దిగాలట. అక్కడి కౌంటరులో అద్దెకిచ్చే బట్టలు చేతికిచ్చారు. మోకాళ్ళ దాకా లాగు, బిగుతు చొక్కా, ఎవరో విప్పిన తడి ఇంకా ఆరలేదు. జయలక్ష్మి బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి, వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ కౌంటరులో ఇచ్చేసి వచ్చేసింది.

పొద్దుటంతా సిమెంటు బెంచీ మీద ముగ్గురి చెప్పులు, కళ్ళజోడు, సంచీ కాపలా కాస్తూ కూర్చుంది. సైరను మోగినప్పుడల్లా అల లేచేది, జనం కేకలు పెట్టేవారు. జయంతి అందులో బంతిలా ఎగిరి పడేది. బుల్లిబాబు ఒక్కో జారుడుబల్లా రెండేసి సార్లు ఎక్కి దిగాడు. ఆనందంగా ఏం లేడు, లెక్క అప్పజెబుతున్న వాడిలా ఉన్నాడు. మధ్యలో షుగరు మాత్ర మర్చిపోయానంటూ గదికి వెళ్ళి ఒక అరగంటకి వచ్చాడు.

"ఆవిడ వచ్చిందా? ఇచ్చారా?" అనడిగింది జయలక్ష్మి.

"ఆఁ, ఇచ్చాను."

మధ్యాహ్నం గదికి వెళ్ళేసరికి గది అద్దంలా ఉంది. తువ్వాళ్ళు రెండు కావు, ఆరు మడతలున్నాయి. సబ్బులు దొంతరగా పేర్చి ఉన్నాయి. చంద్రమ్మ మంచి మనిషే అనుకుని, జయలక్ష్మి డబ్బా తీసి మూత తెరిచింది. పైనున్న ఉండలు తీసింది. అడుగున చూసింది. మళ్ళీ అన్నీ ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది.

పెద్దది లేదు.

"ఏవండీ, ఇందులో పెద్ద ఉండ ఏదీ?"

తల తుడుచుకుంటున్న బుల్లిబాబు తువ్వాలు తియ్యకుండానే, "నేనే తిన్నాను," అన్నాడు. "ఒక్కటి తింటే చచ్చిపోతానా?"

"తిన్నారా? అయ్యో రామా! అందులో నా నానుతాడు పెట్టానండీ!"

తువ్వాలు కిందికి జారింది. బుల్లిబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచం మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. "అందులోనా? నీకేమైనా బుద్ధుందా? తిండిలో బంగారం పెడతారా ఎవరైనా?" అని గొంతు పెంచాడు. "నేను తినలేదు. ఊరికే అన్నాను. ఆ ఊడ్చే ఆవిడే తీసుంటుంది."

"తినకపోతే తిన్నానని ఎందుకన్నారు?"

ఆయన చొక్కా తగిలించుకుని రిసెప్షన్‌కి పరిగెత్తాడు.

జయలక్ష్మి మంచం మీద సున్నుండల మధ్య కూర్చుండిపోయింది. మెడలో పసుపుతాడు తడిమి చూసుకుంది. ఆ నానుతాడు వాళ్ళ నాన్న ఉన్న ఒక్క కొబ్బరితోటా అమ్మి చేయించింది. ఏడుపొచ్చింది. అంతలోనే కుర్చీకి తగిలించిన మొగుడి నిన్నటి చొక్కా కంటబడింది. జేబులోంచి ఆవిడిచ్చిన నోటు మడత అలాగే తొంగి చూస్తోంది.

తువ్వాళ్ళ వైపు చూసింది. సబ్బుల వైపు చూసింది. డబ్బు చెయ్యి దాటకుండా పని జరిపించుకోవడం ఆయనకి కొత్త కాదు. ఆఫీసు ప్యూనుకి దీపావళి మామూలు బదులు ఇంట్లో మిగిలిన జంతికలు పొట్లం కట్టించిన మనిషి. ఈసారి పాపం మనసు పెద్దది చేసుకుని, డబ్బా అడుగు దాకా వెతికి, అన్నిట్లోకీ పెద్దది ఏరి ఇచ్చి ఉంటాడు.

రిసెప్షన్ వెనక చిన్న గదిలోకి పిలిచారు. జయంతిని బయట సోఫాలో కూర్చోబెట్టి జయలక్ష్మి లోపలికెళ్ళింది. టై కట్టుకున్న డ్యూటీ మేనేజరు ఓంకార్ బల్ల వెనక ఉన్నాడు. తలుపు దగ్గర కాపలా ఆవిడ. గోడకి ఆనుకుని చంద్రమ్మ. కొప్పు విప్పించినట్టున్నారు, జుట్టు భుజాల మీద పడుంది. కట్టు చీర కుచ్చిళ్ళు లాగేసి ఉంటే చేత్తో పట్టుకుని నిలబడింది. జయలక్ష్మి ఆ చీర వైపు చూడలేకపోయింది.

"సార్, చైన్ టేబుల్ సొరుగులో పెట్టారన్నారు కదా?" అన్నాడు ఓంకార్.

"సొరుగులోనే," అన్నాడు బుల్లిబాబు.

జయలక్ష్మి మొగుడి వైపు చూసింది. సొరుగేమిటి?

"బాడీ మీద ఏం దొరకలేదు. టిఫిన్ డబ్బాలో ఇది దొరికింది." ఓంకార్ ఒక స్టీలు గిన్నె ముందుకు జరిపాడు. అందులో, సగం తిన్న జొన్నరొట్టె పక్కన, పెద్ద సున్నుండ. పైన జీడిపప్పు. ఎక్కడా పంటి గాటు లేదు. "ఏందిది చంద్రమ్మా? లోపల ఇసొంటివి అమ్మరు. ఎక్కడిది నీకు?"

"ఎన్నిసార్లు జెప్పాలె సారూ! ఈ సారే ఇచ్చిండు. గది మంచిగ ఊడ్వు, ఇది తిను అన్నడు. మా అత్తకు నోట్లె పండ్లు లెవ్వు, మెత్తగుంది తింటదని దాశిన. చైను గియ్యిను నాకెరుకలేదు. నా పిల్లల మీద ఒట్టు."

"గెస్టుల దగ్గర ఏదీ తీసుకోవద్దని ఎరుక లేదా నీకు?" అని, ఓంకార్ వినయంగా బుల్లిబాబు వైపు తిరిగాడు. "సార్, మీరిచ్చారా?"

చంద్రమ్మ బుల్లిబాబు మొహంలోకి చూసింది. మేనేజరునీ, కాపలా ఆవిడనీ, జయలక్ష్మినీ ఎవరినీ చూడలేదు, ఆయన్నొక్కడినే చూసింది.

"నేనెందుకిస్తాను?" అన్నాడు బుల్లిబాబు.

"అయ్యో! దేవుడున్నడు సారూ!"

"అరవకు," అన్నాడు ఓంకార్. ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "సార్, పోలీసులకి చెప్తా. వాళ్ళొచ్చి అడిగితే గంటలో కక్కుతది."

బుల్లిబాబు జయలక్ష్మి వైపు వంగి, చెవిలో గొణిగాడు. "చూశావుగా, ఉండ అలాగే ఉంది. పగలగొట్టి చూడమని నేనంటాను. వస్తువు దొరుకుతుంది. నువ్వు నోరు మెదపకు, చాలు."

"అప్పుడు ఆవిడే దాచిందనుకుంటారు."

"అనుకోనీ. మనకెందుకు? మన వస్తువు మనకొస్తుంది." ఆయన నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా ఉంది. "లేకపోతే నా పరువేం కాను? ఊరుకున్నంత ఉత్తమం లేదు లక్ష్మీ."

జయలక్ష్మికి ఒక్కసారి అంతా కళ్ళకి కట్టినట్టు కనిపించింది. ఉండ పగులుతుంది. బంగారం మెరుస్తుంది. తిండిలో దాచింది చూశారా, ఎంత తెలివో అంటారు. జీపొస్తుంది. తను నానుతాడు మెడలో వేసుకుని మియాపూర్ వెళ్ళిపోతుంది. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో నలుగురిలో ఆయన మాటకి ఎదురు చెప్పింది లేదు.

"మేనేజరు గారూ, ముందు ఆ లడ్డూ పగలగొట్టి..." అని బుల్లిబాబు మొదలెట్టాడు.

ఓంకార్ చెయ్యి చాపాడు. అతని కంటే ముందు జయలక్ష్మి చెయ్యి గిన్నె మీద పడింది.

"ఆగండి. పగలకముందే అందులో ఏముందో నేను చెబుతాను."

ఓంకార్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నా నానుతాడుంది. మూడు చుట్లు చుట్టి ఉంటుంది. కొక్కెం పక్కన ఒక లంకె అతుకు పెట్టించింది, అది కొంచెం ఎర్రగా ఉంటుంది. పొద్దున్న నా చేత్తో నేనే పెట్టి ఉండ చుట్టాను. ఆ జీడిపప్పు గుర్తు నాదే." అప్పుడు చెయ్యి తీసింది. "ఇప్పుడు చూడండి."

ఓంకార్ రెండు వేళ్ళతో ఉండని చిదిపాడు. పిండిలోంచి గొలుసు జారి గిన్నెలో పడింది. లంకె వెతికాడు. ఎర్రగానే ఉంది.

"మరి ఈమె డబ్బాలోకి ఎట్లొచ్చింది మేడమ్?"

"ఆయనిచ్చారు. అందులో ఏముందో ఆయనకి తెలీదు, ఆవిడకీ తెలీదు."

"సార్ ఇయ్యలేదంటున్నారు."

తువ్వాళ్ళున్నాయి, సబ్బులున్నాయి, వచ్చి లెక్క చూసుకోండని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అవి బయట పడితే చంద్రమ్మ నెత్తి మీద ఇంకో నేరం పడుతుంది. జయలక్ష్మి ఆ మాట మింగేసింది.

"ఆ ఉండ లేదని ముందు నేను కనుక్కున్నాను. ఏదండీ అనడిగితే నేనే తిన్నానన్నారు ఈయన," అంది. "ఈయనకి షుగరండీ. ఆరేళ్ళుగా తీపి ముట్టలేదు. ప్రసాదం కూడా నోట్లో వేసుకోరు. ఎవరికిచ్చారో చెప్పలేక తిన్నానన్నారు."

బుల్లిబాబు బల్ల కేసి చూస్తూ కూర్చున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు అయిపోయాడు.

ఓంకార్ గట్టిగా ఊపిరి వదిలి, వెంటనే నవ్వు పులుముకున్నాడు. "పోనీలెండి మేడమ్, వస్తువు దొరికింది, అదే చాలు. సారీ సార్. ఇవాళ రాత్రి డిన్నర్ మా తరఫున." తర్వాత గోడ వైపు తిరిగి, "చంద్రమ్మా, బిళ్ళ తీసి ఇక్కడ పెట్టి పో," అన్నాడు.

"అదేంటి?" అంది జయలక్ష్మి.

"దొంగతనం కాదు మేడమ్, ఒప్పుకుంటా. కానీ గెస్టు దగ్గర తిండి తీసుకుంది. రూలు."

"బయటి తిండి తేకూడదన్నదీ రూలేగా? ముందు తప్పింది మేము. గేటు దగ్గర అబద్ధం చెప్పి తెచ్చాను. మాకేం శిక్ష?"

"మీరు గెస్టులు మేడమ్. మీకేముంటది?"

"అంటే ఇంత డబ్బు తీసుకున్నది ఇందుకా?" జయలక్ష్మికి నిజంగానే కోపమొచ్చింది. కన్నీళ్ళతో కలిసి వచ్చింది. "సబ్బులకీ, అలలకీ అనుకున్నాను. మేం ఏం చేసినా తప్పు కాకుండా, ఆవిడ ఏం చెప్పినా నిజం కాకుండా ఉండటానికా?"

గిన్నెలోంచి పిండి అంటుకున్న గొలుసు తీసి గుప్పిట్లో పెట్టుకుని బయటికొచ్చింది. సరిగ్గా రిసెప్షన్ మధ్యలో, జయంతి పక్కన సోఫాలో కూర్చుంది. అప్పుడే హైటెక్ సిటీ కంపెనీ బస్సొకటి ఆగి, నలభై మంది కుటుంబాలతో దిగుతున్నారు. మెళ్ళో దండలు, చేతుల్లో పళ్ళరసం. మెడలో ఒట్టి పసుపుతాడుతో, కొంగుతో కళ్ళొత్తుకుంటున్న ఆడమనిషిని చూసి ఒకావిడ ఆగింది. "ఏమైందండీ? వంట్లో బాలేదా?"

"కూర్చోండి, చెబుతాను," అంది జయలక్ష్మి, పక్కకి జరుగుతూ.

ఓంకార్ పరుగులాంటి నడకతో వచ్చాడు. "మేడమ్, మేడమ్, జర లోపలికి రండి. ఆమె డ్యూటీల ఉంటది. వార్నింగ్ ఇచ్చి వదిలేస్తున్నా. సరేనా?"

ఆ రాత్రి ఊరికే వచ్చిన డిన్నర్‌కి వాళ్ళు వెళ్ళలేదు. తల్లి దగ్గర సంగతంతా విన్న జయంతి అడిగింది, "నాన్నా, నువ్వెందుకు కాదన్నావ్?" అని. బుల్లిబాబు దుప్పటి కప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున్న, సామాను సర్దుకుంటుంటే తలుపు చప్పుడైంది. చంద్రమ్మ చీపురు బండితో నిలబడి ఉంది. కొప్పు బిగించి కట్టింది. గడప దాటలేదు.

"మీరు బయటికొస్తే ఊడుస్త. మీరు లోపలుంటె రాను."

ముగ్గురూ వరండాలోకొచ్చి నిలబడ్డారు. బుల్లిబాబు బనీనుతోనే ఉన్నాడు. చొక్కా లోపలుండిపోయింది. అటూ ఇటూ వెళ్తున్న వాళ్ళు ఆయన్ని చూసుకుంటూ పోతున్నారు. కింద మైదానంలో సైరను మోగింది, అలల చప్పుడు వినిపించింది. ఎవరూ ఆ వైపు చూడలేదు.

చంద్రమ్మ తలుపు బార్లా తీసి పెట్టి, అందరికీ కనపడేలా పని చేసింది. మంచం దులిపింది. దుప్పట్లు మార్చింది. ఎక్కువ పెట్టిన నాలుగు తువ్వాళ్ళూ, మిగిలిన సబ్బులూ తీసి తన బండిలో వేసుకుంది. గదికి రెండే మిగిల్చింది. పని అయ్యాక వరండాలోకొచ్చింది.

జయలక్ష్మి మొగుడి జేబులోంచి తీసిన ఆ నోటూ, సున్నుండల డబ్బా రెండూ చాపింది. "మీ అత్తగారికి తీసుకెళ్ళండి. నేనే ఇస్తున్నాను, వాళ్ళకి చెబుతాను. తప్పయింది చంద్రమ్మగారూ."

"ఒద్దమ్మా. నువ్వు మంచిదానివే. గని నాకేం ఇయ్యకు. నిన్న నా చీర ఇప్పిచ్చిండ్రు. ఇగ ఈడ ఎవరేం ఇచ్చినా నా చెయ్యి లేవది."

జయలక్ష్మి చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చంద్రమ్మ బుల్లిబాబు వైపు తిరిగి, రెండు అరచేతులూ తెరిచి చూపించింది.

"సారూ, లోపల్కి పొయ్యి చూస్కోండ్రి. సొరుగులు చూడుండ్రి, పెట్టె చూడుండ్రి. అన్ని ఉన్నయో లెవ్వో చెప్పుండ్రి. అప్పటిదాంక నేనీడ్నే నిలవడ్త."

"అక్కర్లేదులే, వెళ్ళు," అన్నాడు బుల్లిబాబు.

"ఊకె పోను సారూ. చూసి చెప్పుండ్రి."

ఎదురు గది తలుపు తెరుచుకుంది. ఒకాయన పేపరు పట్టుకుని గుమ్మంలో ఆగాడు. బుల్లిబాబు గదిలోకి వెళ్ళాడు. ఒక సొరుగు లాగిన చప్పుడు, మూసిన చప్పుడు. ఇంకోటి లాగలేదు. చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికొచ్చి గడప మీద నిలబడ్డాడు. చంద్రమ్మ చేతులు ఇంకా తెరిచే ఉన్నాయి. ఆయన పెళ్ళాం వైపు చూశాడు, ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించమన్నట్టు. జయలక్ష్మి డబ్బా పట్టుకుని కదలకుండా నిలబడింది.

"అన్నీ ఉన్నాయి," అన్నాడు మెల్లిగా.

"నిన్నటిది?"

బుల్లిబాబు గొంతు సవరించుకున్నాడు. ఎదురుగుమ్మంలో ఉన్నాయన పేపరు దించాడు.

"నిన్నటిది... నేనే ఇచ్చాను," అన్నాడు, ఈసారి వరండా అంతా వినపడేలా. "నా చేత్తో నేనే ఇచ్చాను. నువ్వు తియ్యలేదు."

చంద్రమ్మ చేతులు కిందికి దించింది. కొంగుతో మొహం ఒకసారి తుడుచుకుంది.

"గా మాట నిన్న అనేదుండె," అని, బండి నెట్టుకుంటూ పక్క గది తలుపు తట్టింది.